అమెరికాలో మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చే కాలేజీలను ఎలా ఎంచుకోవాలి?

ఏటా ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడికి శాట్‌లో 1510 వచ్చింది, జీపీఏ 4.3 ఉంది. స్కాలర్‌షిప్ ఎక్కడ వస్తుంది?" గుళ్లో ప్రసాదం లైన్లో, బర్త్‌డే పార్టీలో, పిల్లల్ని టెన్నిస్ క్లాసుకు దింపే పార్కింగ్ లాట్‌లో ఇదే ప్రశ్న. ఇద్దరు పిల్లల్ని కాలేజీకి పంపాను కాబట్టి నాకు తెలుసనుకుంటారు. మొదటిసారి నాకూ తెలియదు. అందుకే ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. కాలేజీ మెరిట్ డబ్బు ఇచ్చేది మీవాడి తెలివిని మెచ్చి మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఇంకా పెద్ద పేరున్న చోటికి వెళ్లిపోగల పిల్లవాణ్ణి తనవైపు లాక్కోవడానికి ఇస్తుంది. లాక్కోవాల్సిన అవసరం లేని కాలేజీ పైసా ఇవ్వదు. కింద చెప్పేదంతా ఆ అవసరం ఎవరికి ఉందో వెతకడం గురించే.

ఇది ఎక్కువగా మనలాంటి ఇళ్ల కోసం. ఇద్దరూ ఉద్యోగస్తులు, ఆదాయం చూసి ఇచ్చే సహాయం అందనంత జీతాలు, కానీ ఏడాదికి 90,000 డాలర్లు కట్టాలంటే గుండె దడ. ఇండియా నుంచి మాస్టర్స్‌కు వచ్చేవాళ్ల లెక్క వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

కావలసినవి

- 9వ తరగతి నుంచి ఇప్పటిదాకా మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్. వెయిటెడ్ (కష్టమైన కోర్సులకు ఎక్కువ పాయింట్లు కలిపింది), అన్‌వెయిటెడ్ (అలా కలపనిది) జీపీఏలు, అంటే మార్కుల సగటులు, రెండూ.
- శాట్ లేదా యాక్ట్ (కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షలు) స్కోరు, పీశాట్ (శాట్‌కు ముందు స్కూల్లో రాసే పరీక్ష) స్కోరు.
- పోయిన ఏడాది టాక్స్ రిటర్న్, 529 ఖాతాలో (పిల్లల చదువు కోసం దాచుకునే పొదుపు ఖాతా) ఉన్న మొత్తం.
- ఇంట్లో ఎవరెవరు సిటిజన్, ఎవరు గ్రీన్‌కార్డు, ఎవరు హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) అన్న వివరం.
- ఒక స్ప్రెడ్‌షీట్.
- భార్యాభర్తలిద్దరికీ ఖాళీ ఉన్న రెండు ఆదివారం మధ్యాహ్నాలు. అన్నిటికంటే కష్టంగా దొరికేది ఇదే.

11వ తరగతి జనవరిలో మొదలుపెడితే తీరిగ్గా అవుతుంది. 12వ తరగతి ఆగస్టులో మొదలుపెట్టినా కుదురుతుంది, కాకపోతే పరుగులు తప్పవు.

1. ఏడాదికి ఎంత కట్టగలరో ఒక అంకె రాయండి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు చాలామంది ముందు కాలేజీల పేర్లు రాస్తారు. ముందు అంకె రాయండి. నెల జీతంలోంచి ఎంత తీయగలరు, 529లో ఉన్నది నాలుగు ముక్కలు చేస్తే ఏడాదికి ఎంత, లోన్ తీసుకుంటే ఎంతవరకు. రెండోవాడు మూడేళ్లలో కాలేజీకి వస్తుంటే వాడి వాటా పక్కన పెట్టండి. ఇండియాలో అమ్మానాన్నలకు పంపేది కూడా ఖర్చే, దాన్ని మరిచిపోకండి.

ఆ అంకెను పిల్లలకు ఇప్పుడే చెప్పండి. డబ్బు సంగతి పిల్లల ముందు మాట్లాడటం మనకు అలవాటు లేదు. కానీ ఏప్రిల్‌లో అడ్మిషన్ లెటర్ చేతిలో పట్టుకుని ఎగిరి గంతేస్తున్న పిల్లకు "మనం కట్టలేం అమ్మా" అని చెప్పడం కంటే సెప్టెంబర్‌లో చెప్పడం నయం.

2. మీకు ఏ డబ్బు వర్తిస్తుందో తేల్చుకోండి

ఆదాయం చూసి ఇచ్చేది నీడ్ ఎయిడ్. ఆదాయంతో పని లేకుండా మార్కులు, ప్రతిభ చూసి ఇచ్చేది మెరిట్. ఇవి కాక స్టేట్ ప్రభుత్వాలు తమ స్టేట్‌లో ఉండే పిల్లలకు ఇచ్చే పథకాలు ఉంటాయి.

వీసా విషయం ఇక్కడే తేలాలి. ఫాఫ్సా అనే ఫారం ద్వారా వచ్చే ఫెడరల్ సహాయానికి సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఇంకొన్ని ప్రత్యేక వర్గాలవాళ్లే అర్హులు. హెచ్4 పిల్లలకు అది లేదు. జార్జియా స్టేట్ ఇచ్చే హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌లదీ అదే తీరు. ఆల్ఫారెట్టా, కమ్మింగ్ వైపు మనవాళ్లు చాలామంది ఈ సంగతి 12వ తరగతిలో తెలుసుకుని కంగారు పడతారు. కాలేజీ సొంతంగా ఇచ్చే మెరిట్ సంగతి వేరు, దాని రూలు ఆ కాలేజీదే. హెచ్4 పిల్లలైతే ప్రతి కాలేజీకి ఈ రెండు ప్రశ్నలు ఈమెయిల్‌లో రాసి అడగండి: మమ్మల్ని ఇంటర్నేషనల్ కింద లెక్కిస్తారా? ఇన్‌స్టేట్ ఫీజు (ఆ స్టేట్‌లో ఉండేవాళ్లకు వేసే తక్కువ ఫీజు) వస్తుందా? ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది కాబట్టి, డిగ్రీ మధ్యలో ఎఫ్1 విద్యార్థి వీసాకు మారాల్సి వస్తే స్కాలర్‌షిప్ ఏమవుతుందో కూడా ఆ మెయిల్‌లోనే అడిగేయండి.

3. నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ వాడండి

ఫెడరల్ సహాయం తీసుకునే ప్రతి కాలేజీ ఈ క్యాలిక్యులేటర్‌ను తన వెబ్‌సైట్‌లో పెట్టాలని 2011 నుంచి రూలు. టాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని అంకెలు కొడితే మీ ఇంటికి సుమారుగా ఎంత పడుతుందో చెబుతుంది.

"మాకు నీడ్ ఎయిడ్ రాదులే" అని దీన్ని వదిలేయకండి. 2025 నుంచి హార్వర్డ్, ఎంఐటీ 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ లేకుండా చేశాయి. అది మెరిట్ కాదు, నీడ్ ఎయిడే. ఒక్కరే ఉద్యోగం చేసే ఇల్లయితే మీరు అనుకున్నదానికంటే మంచి అంకె రావచ్చు.

జీపీఏ, శాట్ కూడా అడిగే క్యాలిక్యులేటర్ అయితే అది మెరిట్‌ను కలిపి లెక్క చెబుతుంది. మార్కులు అడగనిది మెరిట్‌ను లెక్కలోకి తీసుకోదు. ఇంకో చిక్కు: అద్దెకిచ్చిన ఇల్లు, సొంత బిజినెస్, విడాకులు ఉన్న కుటుంబాలకు ఇది చెప్పే అంకె మీద పూర్తి నమ్మకం పెట్టుకోవద్దు.

4. మెరిట్ ఇవ్వని కాలేజీలను విడిగా రాయండి

ఐవీ లీగ్‌లోని ఎనిమిదీ, అంటే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మత్, పెన్, మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఎంఐటీ ఇవ్వదు. స్టాన్‌ఫర్డ్ ఆటగాళ్లకు తప్ప ఇవ్వదు. "ఫలానావాళ్ల అబ్బాయికి కార్నెల్‌లో మెరిట్ వచ్చిందట" అని ఎవరైనా అంటే అది నీడ్ ఎయిడ్ అయ్యుంటుంది, లేదా బయటి సంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్ అయ్యుంటుంది, లేదా వాట్సాప్ అయ్యుంటుంది.

వీటికి అప్లై చేయవద్దని అనను. క్యాలిక్యులేటర్ చెప్పిన అంకె మీ అంకెలోపు ఉంటే చేయండి. దాటితే, అడ్మిషన్ వచ్చాక ఏదో మాట్లాడి తగ్గించుకోవచ్చన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

5. కామన్ డేటా సెట్ తెరవండి

కన్సల్టెంట్‌కు డబ్బు కట్టి తెలుసుకునేదాంట్లో సగం ఈ ఒక్క పత్రంలో ఉంటుంది. చాలా కాలేజీలు ఏటా ఒకే నమూనాలో దీన్ని నింపి వెబ్‌సైట్‌లో పెడతాయి. గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టండి. ఇందులో మూడు చోట్ల చూస్తే చాలు.

మొదటిది హెచ్ సెక్షన్. అక్కడ హెచ్2, హెచ్2ఏ పట్టికల్లో ఫస్టియర్ పిల్లల కాలమ్ పట్టుకోండి. ఏ లైన్‌లో ఫస్టియర్ పిల్లలు మొత్తం ఎందరో ఉంటుంది. సీ లైన్‌లో వాళ్లలో నీడ్ ఉందని తేలినవాళ్లు ఎందరో ఉంటుంది. ఎన్ లైన్‌లో నీడ్ లేకపోయినా మెరిట్ అందుకున్నవాళ్లు, ఓ లైన్‌లో వాళ్లకు సగటున వచ్చిన మొత్తం.

ఒక కాలేజీ ఉందనుకుందాం. ఏ లైన్‌లో 1,500, సీలో 700, ఎన్‌లో 400, ఓలో 22,000. నీడ్ లేని పిల్లలు 1,500 నుంచి 700 తీసేస్తే 800. వాళ్లలో 400 మందికి మెరిట్ వచ్చింది. అంటే మనలాంటి ఇళ్ల పిల్లల్లో సగం మందికి సగటున 22,000. ఇది మంచి వాటా. అదే ఎన్ లైన్‌లో 15 అని ఉంటే అక్కడ మెరిట్ లాటరీ టికెట్ లాంటిదే. సున్నా ఉంటే నాలుగో స్టెప్ జాబితాలో చేర్చండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆ 22,000 చూసి సంబరపడి లెక్క అక్కడితో ఆపేయడం. మొత్తం ఖర్చు 86,000 అయితే మీరు కట్టేది 64,000. మీ స్టేట్ యూనివర్సిటీలో ఒక్క డాలర్ స్కాలర్‌షిప్ లేకుండా చదివినా ఇంతకంటే చాలా తక్కువ పడుతుంది. స్కాలర్‌షిప్ సైజు చూడకండి, మిగిలిన బిల్లు చూడండి. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. వేరే స్టేట్ పిల్లలకు అక్కడ ట్యూషన్, ఫీజులు 29,000 డాలర్ల లోపే. 30,000 మెరిట్ ఇచ్చే ప్రైవేట్ కాలేజీ కంటే ఏమీ ఇవ్వని పర్డ్యూ చవకగా పడటం మామూలే. కానీ అది బంధువులకు చెప్పుకోవడానికి అంత బాగుండదు!

రెండోది సీ9. చేరిన పిల్లల శాట్ స్కోర్లు 25వ, 75వ పర్సెంటైల్‌లో ఎంతెంతో ఉంటాయి (75వ పర్సెంటైల్ అంటే నూటికి 75 మందికి ఆ స్కోరో, అంతకంటే తక్కువో వచ్చిందని). మీవాడి స్కోరు 75వ పర్సెంటైల్ అంకెకు పైన ఉంటే మెరిట్ ఆశించవచ్చు. మధ్యలో ఉంటే అడ్మిషన్ రావచ్చు, డబ్బు కష్టం. పక్కనే ఎంత శాతం మంది స్కోరు పంపారో కూడా ఉంటుంది. స్కోరు పంపడం తప్పనిసరి కాని చోట బాగా వచ్చినవాళ్లే పంపుతారు కాబట్టి ఆ అంకెలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు, అంటే యూసీలు, అడ్మిషన్‌కు శాట్‌ను అసలు చూడవు. అక్కడ 1580 ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మూడోది సీ7. దరఖాస్తులో దేనికెంత విలువ ఇస్తారో చెప్పే పట్టిక. విద్యార్థి చూపిన ఆసక్తి అన్న వరుస దగ్గర ముఖ్యం అని టిక్ పెట్టి ఉంటే క్యాంపస్ టూర్, ఆన్‌లైన్ సెషన్, ఈమెయిళ్లు తెరిచి చదవడం కూడా పనికొస్తాయి. ఆ పని పిల్లలు చేయాలి. నాన్న చేస్తే లెక్కలోకి రాదు.

కంప్యూటర్ సైన్స్ పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ అంకెలన్నీ మొత్తం కాలేజీవి. సీఎస్‌కు పోటీ పడేవాళ్ల స్థాయి ఇంకా పైన ఉంటుంది, కాబట్టి ఒక మెట్టు తగ్గించుకుని అంచనా వేయండి. ముందు వేరే మేజర్‌లో, అంటే వేరే ప్రధాన సబ్జెక్టులో, చేరి తర్వాత సీఎస్‌కు మారొచ్చన్న సలహా విని మోసపోకండి. చాలా పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆ మార్పు దాదాపు కుదరదు.

6. మిగిలిన కాలేజీలను మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప, మార్కులు చూసి దానంతట అదే వచ్చేది. ఇంత జీపీఏ, ఇంత శాట్ ఉంటే ఇంత అని వెబ్‌సైట్‌లో పట్టిక పెడతారు. యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఇందుకు పేరుమోసింది, వేరే స్టేట్ పిల్లలకూ ఇస్తుంది. నేషనల్ మెరిట్ ఫైనలిస్టులకు అక్కడ ట్యూషన్ మొత్తం కలిసే ప్యాకేజీ ఉంది. ఇలాంటిచోట టెన్షన్ ఉండదు, అప్లై చేసే ముందే బిల్లు తెలిసిపోతుంది. పట్టిక ఏటా మారుతుంది కాబట్టి మీ పిల్లలు చేరబోయే ఏడాదిదే చూడండి, పక్కింటివాళ్ల అబ్బాయి చేరిన ఏడాదిది కాదు.

నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీ గురించి ఇక్కడే చెప్పేస్తాను. దానికి దారి 11వ తరగతి అక్టోబర్‌లో రాసే పీశాట్. కటాఫ్ స్టేట్‌ను బట్టి మారుతుంది. దాన్ని నడిపే సంస్థ నేరుగా ఇచ్చేది ఒక్కసారి 2,500 డాలర్లే. అసలు డబ్బు ఫైనలిస్టులను పిలిచి మరీ చేర్చుకునే కాలేజీల దగ్గర ఉంది. యూటీ డాలస్ అలాంటిదే. కానీ మీ మొదటి చాయిస్‌గా ఆ కాలేజీ పేరును నేషనల్ మెరిట్ వాళ్ల దగ్గర గడువులోగా నమోదు చేయాలి. అది మరిచిపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రెండో కుప్ప, పోటీ పడి గెలవాల్సినవి. వాండర్‌బిల్ట్‌లో కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ స్కాలర్‌షిప్, నార్త్ కరోలినా చాపెల్ హిల్‌లో మోర్‌హెడ్-కెయిన్, వర్జీనియా యూనివర్సిటీలో జెఫర్సన్, యూఎస్‌సీలో (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ట్రస్టీ, జార్జియా టెక్‌లో స్టాంప్స్. ఫుల్ ట్యూషన్ లేదా అంతకంటే ఎక్కువ. వీటికి వచ్చే పిల్లలందరికీ మార్కులు ఉంటాయి, కాబట్టి మార్కులతో తేలదు. కొన్నిటికి హైస్కూల్ నామినేట్ చేయాలి. జెఫర్సన్ అలాంటిదే. ఆర్‌పీఐ (రెన్సెలీర్ పాలిటెక్నిక్) వాళ్ల రెన్సెలీర్ మెడల్‌కు 11వ తరగతిలోనే స్కూలు ఒక విద్యార్థిని ఎంపిక చేస్తుంది. అందుకని స్కూలు కౌన్సిలర్‌ను 11వ తరగతిలోనే వెళ్లి అడగమనండి. ఈ కుప్పలోని డబ్బును బడ్జెట్‌లో ఎప్పుడూ సున్నాగానే రాయండి.

మూడో కుప్ప, స్టేట్ లెక్కలు. జార్జియాలో ఉంటే జెల్ మిల్లర్‌కు 3.7 జీపీఏ, శాట్‌లో 1200 కావాలి. ఆ 3.7ను స్టేట్ వాళ్లు ముఖ్యమైన సబ్జెక్టులతో సొంతంగా లెక్కకడతారు, స్కూలు చూపించే జీపీఏ కాదు. పశ్చిమ స్టేట్లలో ఉంటే డబ్ల్యూయూఈ అనే ఒప్పందం ఉంది, అందులోని కాలేజీలు పక్క స్టేట్ పిల్లలకు ఇన్‌స్టేట్ ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లకు మించి వేయవు. ప్రతి కాలేజీ, ప్రతి మేజర్ ఇందులో ఉండదు, చూసుకోండి. టెక్సస్‌లో ఇంకో మంచి రూలు ఉంది. పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే వేరే స్టేట్ పిల్లలకు ఇన్‌స్టేట్ ఫీజు వేసే వీలు పబ్లిక్ యూనివర్సిటీలకు ఉంటుంది. చేతికొచ్చేది వెయ్యి, తగ్గేది చాలా వేలు. ఇక టెక్సస్‌లోనే ఉన్నవాళ్లకు: టాప్ పర్సెంట్ రూలు (క్లాసులో పై ర్యాంకుల్లో ఉన్నవాళ్లకు పబ్లిక్ యూనివర్సిటీల్లో సీటు ఇచ్చేది) అడ్మిషన్ ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. మా ఫ్రిస్కో వైపు ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

7. స్కాలర్‌షిప్ గడువును విడిగా రాయండి

ఇది నా సొంత దెబ్బ. మా పెద్దమ్మాయి ఒక ప్రైవేట్ యూనివర్సిటీకి డిసెంబర్ 28న అప్లికేషన్ పంపింది. గడువు జనవరి మొదట్లో, కాబట్టి ముందే పంపేశామని సంతోషపడ్డాం. వాళ్ల పెద్ద స్కాలర్‌షిప్‌కు వేరే ఫారం, వేరే ఎస్సేలు. అది డిసెంబర్ 1న మూసేశారు. అడ్మిషన్ వచ్చింది, డాలర్ రాలేదు. తప్పు వాళ్లది కాదు, వెబ్‌సైట్‌లో రాసే ఉంది. మేం అడ్మిషన్ పేజీ చదివాం, స్కాలర్‌షిప్ పేజీ చదవలేదు.

అందుకని స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి కాలేజీకి నాలుగు తేదీలు పెట్టండి: అడ్మిషన్ గడువు, మెరిట్ కోసం పాటించాల్సిన గడువు, విడిగా ఫారం ఉంటే దాని గడువు, ఫాఫ్సా లేదా సీఎస్ఎస్ ప్రొఫైల్ (కొన్ని కాలేజీలు తమ సహాయం కోసం అడిగే ఇంకో ఆర్థిక ఫారం) గడువు. మెరిట్ కావాలంటే నవంబర్ 1 ఎర్లీ యాక్షన్‌లోనే (ముందుగా పంపి ముందుగా జవాబు తెలుసుకునే పద్ధతి, చేరాలన్న కట్టుబాటు ఉండదు) పంపాలన్న నియమం చాలాచోట్ల ఉంటుంది. ఆనర్స్ కాలేజీ (బాగా చదివే పిల్లల కోసం యూనివర్సిటీలో ఉండే ప్రత్యేక విభాగం) అప్లికేషన్ కూడా కొన్నిచోట్ల విడిగా ఉంటుంది, దానికి కట్టిన స్కాలర్‌షిప్‌లూ ఉంటాయి.

8. ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్లేముందు ఆగండి

ఎర్లీ యాక్షన్ వేరు, ఎర్లీ డెసిషన్ వేరు. రెండోది మాట ఇచ్చినట్టే, అడ్మిషన్ వస్తే చేరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. మీరు ఎలాగూ వస్తారని తెలిసినప్పుడు కాలేజీ మీకు డబ్బు ఎందుకు ఇస్తుంది? పోల్చుకోవడానికి మీ చేతిలో ఇంకో లెటర్ కూడా ఉండదు. క్యాలిక్యులేటర్ చెప్పిన పూర్తి బిల్లు కట్టగలిగితేనే ఎర్లీ డెసిషన్. మెరిట్ మీద ఆశ పెట్టుకున్న ఇల్లు దానికి దూరంగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

9. జాబితా సరిగా వచ్చిందో లేదో పరీక్షించండి

పది, పన్నెండు కాలేజీలు చాలు. ఇరవైకి వేస్తే ఎస్సేలు పలచబడతాయి, పిల్లలు నవంబర్‌కే అలసిపోతారు.

స్ప్రెడ్‌షీట్‌లో పోటీ స్కాలర్‌షిప్‌లన్నీ సున్నా చేయండి. దానంతట అదే వచ్చే డబ్బు మాత్రమే ఉంచండి. ఇప్పుడు మొదటి స్టెప్‌లో రాసిన అంకెలోపు ఎన్ని కాలేజీలు మిగిలాయి? అడ్మిషన్ ఖాయమైనవి కనీసం రెండు ఉండాలి. లేకపోతే జాబితా ఇంకా పూర్తి కాలేదు.

తర్వాత ఆ రెండు పేర్లు పిల్లల ముందు పెట్టి, మిగతావేవీ రాకపోతే ఇక్కడికి సంతోషంగా వెళ్తావా అని అడగండి. ముఖం చూడండి, మాట కాదు. మొహం ముడుచుకుంటే అది సేఫ్టీ కాలేజీ కాదు, వేరేది వెతకండి.

10. లెటర్లు వచ్చాక

మొత్తం ఖర్చులోంచి స్కాలర్‌షిప్‌లు, గ్రాంట్లు మాత్రమే తీసేయండి. కొన్ని లెటర్లలో లోన్‌ను, క్యాంపస్ ఉద్యోగం డబ్బును కూడా సహాయం కిందే కలిపి చూపిస్తారు. లోన్ మీ అప్పే.

తర్వాత ఈ ప్రశ్నలకు జవాబు రాయించుకోండి. నాలుగేళ్లూ వస్తుందా, ఫస్టియర్‌కేనా? నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ కావాలి? 3.0 అయితే ఫర్వాలేదు. 3.5 అడిగితే, ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్, క్యాల్కులస్ కలిసొచ్చినప్పుడు ఎంతమంది నిలబెట్టుకుంటున్నారో అడగండి. మేజర్ మారితే పోతుందా? బయటి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే తమది తగ్గిస్తారా? తగ్గించే కాలేజీలు ఉన్నాయి. అలాంటిచోట ఊళ్లోని సంఘం ఇచ్చిన 2,000 వల్ల మీకు మిగిలేది సన్మానం శాలువా మాత్రమే.

అదే స్థాయి కాలేజీ ఎక్కువ ఇస్తే ఆ లెటర్ జతచేసి మర్యాదగా ఇంకొంచెం పెంచగలరా అని రాయొచ్చు. ప్రైవేట్ కాలేజీల్లో కొన్నిసార్లు పని చేస్తుంది. పట్టిక ప్రకారం ఇచ్చే పబ్లిక్ యూనివర్సిటీల్లో సాధారణంగా పని చేయదు. బేరం ఆడినట్టు కాకుండా, ఇక్కడికే రావాలని ఉంది, ఇంత తేడా ఉంది అని రాయండి.

టాక్స్ సంగతి. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకు వెళ్లేదానికి టాక్స్ లేదు. హాస్టల్, భోజనానికి వెళ్లే భాగం పిల్లల ఆదాయం కింద లెక్క. 529లో డబ్బు మిగిలిపోతుందని భయపడకండి, వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తానికి సమానంగా తీసుకుంటే 10 శాతం పెనాల్టీ పడదు, పెరిగిన భాగం మీద మామూలు టాక్స్ మాత్రం పడుతుంది.

చాలా కాలేజీలకు మే 1 ఆఖరు తేదీ. కొన్ని స్కాలర్‌షిప్‌లను అంతకుముందే పోర్టల్‌లోకి వెళ్లి ఒప్పుకోవాలి, ఆ తేదీ లెటర్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. డిపాజిట్ కట్టేముందు లెటర్‌ను, జీపీఏ షరతు ఉన్న పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. రెండేళ్ల తర్వాత వెబ్‌సైట్‌లో ఆ పేజీ అలాగే ఉండదు.

వద్దనుకున్న కాలేజీలకు పోర్టల్‌లో రావడం లేదని చెప్పేయండి. అక్కడ మీవాడికి రాసిపెట్టిన డబ్బు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఇంకెవరో చూస్తుండవచ్చు.